ఎనిమిదో రోజు సంగతి

జనాన్ని ఏడిపించడం నాకు చేతనైన విద్య. గొప్పకు చెప్పుకోవడం లేదు, ఇప్పుడైతే సిగ్గుపడుతూనే చెబుతున్నాను. టీకాల ఉద్యోగంలో చేరిన కొత్తలో మాత్రం ఆ విద్య చూసుకుని నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు. కోనసీమలో ఏ ఊరి చావడిలో నిలబడినా సరే, నేను నోరు విప్పిన కాసేపటికి ఆడవాళ్ళ కొంగులు కళ్ళ దగ్గరికి పోవలసిందే. ఈ మధ్య కొందరు కుర్రవాళ్ళు నా దగ్గరికి వచ్చి, సభల్లో మాట్లాడటం ఎలాగో నేర్పండి తాతగారూ అని అడుగుతున్నారు. నేర్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఒక సంగతి మాత్రం చెబుతాను. వినేవాళ్ళు వినండి, ఆవలించేవాళ్ళు ఆవలించండి.

ఆనకట్ట లేచి, కొత్తగా కాలవలు తవ్వుతున్న రోజులవి. మశూచికాన్ని మనవాళ్ళు అమ్మవారు అంటారు కదా. ఎండలు ముదిరేసరికి ఏదో ఒక ఊళ్ళో అమ్మవారు పోసేది. మా పని, ఆవిడకంటే ముందు ఆ ఊరికి చేరడం. ఇప్పుడు టీకా మందు దూడల నుంచి తీస్తున్నారట. అప్పట్లో అది మనిషి నుంచి మనిషికే వెళ్ళాలి. టీకా వేసిన బిడ్డ చేతి మీద ఎనిమిదో రోజుకు పొక్కు నిండుతుంది. దాంట్లో రసిని సూదిమొనతో తీసి ఇంకో బిడ్డకు వేయాలి. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించుకున్నట్టు, అలా ఊరినుంచి ఊరికి. ఒక రోజు ముందైతే పచ్చి, రెండు రోజులు దాటితే చిక్కబడి పనికిరాదు. గాజు పలకల మధ్య పెట్టి పంపితే మన ఎండలకు దారిలోనే చచ్చేది. అందుకని ఎనిమిదో రోజంటే మాకు పెళ్ళి ముహూర్తం కంటే గట్టిది.

మేం ఇద్దరం కలిసి తిరిగేవాళ్ళం. రెండో ఆయన నాకంటే ఐదారేళ్ళు పెద్ద. నేను అన్నగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవారు. బక్కపలచని మనిషి, తలపాగా ఎప్పుడూ ఎడమ చెవి మీదికి జారిపోయి ఉండేది. ఆయన ప్రసంగం వింటుంటే కరణంగారు పొలం హద్దులు చదువుతున్నట్టుండేది. తూర్పున ఇది, పడమర ఇది, కాబట్టి ఇది. జనం ఒక్కొక్కళ్ళే పంచెలు దులుపుకుని లేచిపోయేవారు. ఆయన మాత్రం చివరికి మిగిలిన ఒక్క ముసలాయనకైనా అనుమానం తీర్చితే గాని లేచేవారు కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు ఆ హద్దులు చదివే గొంతు ఒక్కసారి వినపడితే చాలు, ఎక్కడున్నా నడిచి వెళతాను.

మా పై అధికారి డాక్టరు దొరకు నాటకాల పిచ్చి. "మీకు సూది పట్టడం వచ్చింది గాని నోరు విప్పడం రాలేదు" అని, వాళ్ళ దేశపు పాత విషాద నాటకం ఒకదాంట్లోంచి రెండు ప్రసంగాలను దుబాసీ చేత తెలుగు చేయించి మా ఇద్దరికీ చెరొకటి ఇచ్చాడు. కథ ఇది. ఒక నాయకుణ్ణి అతని మిత్రులే పొడిచి చంపుతారు. చంపినవాళ్ళలో కాస్త మంచివాడు ముందు లేచి, ఎందుకు చంపవలసి వచ్చిందో జనానికి కారణాలు చెబుతాడు. జనం సరేనంటారు. అతను వెళ్ళిపోతాడు. తరువాత చచ్చినవాడి నేస్తం వచ్చి, శవం పక్కన నిలబడి ఏడుస్తాడు. చిరిగి నెత్తురైన ఉత్తరీయం ఎత్తి చూపిస్తాడు. అంతే! ఇందాక సరేనన్న ఆ జనమే కొంపలు తగలబెట్టడానికి పరిగెడతారు.

మొదటి ప్రసంగం అన్నగారికి, రెండోది నాకు. కచేరీ వరండాలో చదివాం. అన్నగారు చదువుతుంటే బంట్రోతు గోడకు ఆనుకుని కునికాడు. నేను భుజం మీద కండువా తీసి, అదే ఉత్తరీయమన్నట్టు వణికే చేతులతో ఎత్తేసరికి అదే బంట్రోతు వెక్కి వెక్కి ఏడ్చాడు. దొర చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లే నా నెత్తికెక్కాయి.

తరువాత మా పడవ ప్రయాణాల్లో ఆ నాటకం మీద ఎన్ని వాదాలు పెట్టుకున్నామో!

"నీ వాడు గెలిచేడు, ఒప్పుకుంటాను. కానీ తమ్ముడూ, గెలిచి ఏం బావుకున్నాడు? కొంపలంటించేడు. నెత్తురు తలకెక్కిన జనం మళ్ళీ వాడి మాట మాత్రం విన్నారా?" అనేవారు అన్నగారు.

"మీవాడి కారణాలు వీపు తిప్పగానే మర్చిపోయేరు కదండీ?"

"తప్పు కారణాలది కాదు. చెప్పేసి వెళ్ళిపోయేడు చూశావా, అదీ తప్పు. విన్నవాడికి అనుమానం మెల్లగా వస్తుంది. వచ్చినప్పుడు అడగడానికి మనిషి అక్కడుండాలి."

"మీరైతే ఉండేవారండి. శవం కంపు కొట్టేదాకా ఉండేవారు!"

ఆ మాటకు ఆయన నవ్విన నవ్వుకు పడవ ఊగిపోయింది. సరంగు గెడ ఆపి, "బాబూ, మీరు నవ్వితే నవ్వేరు గాని నన్ను గోదాట్లో దింపకండి" అన్నాడు. అన్నగారు మాట్లాడితే జనం లేచిపోయేవారు గాని, నవ్వితే పక్కనున్నవాళ్ళు కూడా నవ్వవలసిందే. ఆ సంగతి అప్పుడు ఆయనకు చెప్పలేదు.

ఊళ్ళన్నిటికీ టీకాలు వేసే ఆ మనిషి ఇంట్లో మాత్రం టీకా పడలేదు. కోటిపల్లి రేవు దాటి ద్రాక్షారామం పోయే దారిలో ఆయన పల్లె. నాలుగేళ్ళ కూతురు, ఒక్కతే పిల్ల. ఆయన తల్లిగారు, అమ్మవారికి కోపం తెప్పిస్తావా అని టీకా పడనిచ్చేవారు కాదు. నేను ఎగతాళి చేసేవాణ్ణి. "ఆవిడ అటు తిరిగినప్పుడు పొడిచేస్తే పోయె కదండీ?"

"నిమిషం పనే. కానీ ఆ తరవాత మా అమ్మ నా మాట నమ్మదు. వద్దు తమ్ముడూ, చెబుతూ ఉంటాను. వింటుంది."

మూడేళ్ళు చెప్పారు. ఆ సంవత్సరం శివరాత్రి వెళ్ళాక ఇంటినుంచి తిరిగి వచ్చిన రోజున ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఒప్పుకుంది! ఈసారి వచ్చేటప్పుడు తెచ్చి వెయ్యరా అంది" అన్నారు. నన్ను పట్టుకుని కుదిపేశారు. నేను నవ్వాను. మూడేళ్ళా, నేనైతే మూడు గడియల్లో ఒప్పించేవాణ్ణి అనుకున్నాను మనసులో.

అప్పుడు మా చేతిలో ఉన్నది ముక్తేశ్వరం దగ్గరి ఒక ఊరు. అక్కడ టీకాలు వేసి, ఎనిమిదో రోజున రసి తీసుకుని, ఏరు దాటి అన్నగారి పల్లెకు వెళ్ళాలి. అలా అనుకున్నాం. ఆ ఊరు అంతకుముందు రెండుసార్లు మమ్మల్ని పొలిమేరలోనే ఆపి వెనక్కి పంపింది. ఈసారి ఎలాగైనా సాధించాలని నాకు పట్టుదల.

ఆ ఊళ్ళో పడవ నడిపే వాళ్ళింటి కోడలికి నెల్లాళ్ళ కిందట చంటిపిల్లవాడు అమ్మవారు పోసి పోయాడు. పెద్దది, రెండేళ్ళ ఆడపిల్ల, మిగిలింది. నేను వాళ్ళింటికి వెళ్ళి, పోయిన పిల్లవాడి ఉయ్యాల గుడ్డ ఇమ్మన్నాను.

"ఎందుకు బాబూ?" అంది.

"నలుగురి పిల్లలు బతకడానికమ్మా."

దండెం మీదనుంచి తీసి, ఒకసారి ముఖానికి ఆనించుకుని ఇచ్చింది. అన్నగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. బయటికొచ్చాక, "తమ్ముడూ, అది తిరిగి ఇచ్చెయ్యి. ఆ గుడ్డ వాళ్ళ దుఃఖం, మన సరుకు కాదు" అన్నారు. పిల్లలు బతికితే చాలు కదండీ అని నేను దులిపేసుకున్నాను.

చావడిలో ముందు అన్నగారే మాట్లాడారు. టీకా ఏమిటో, పొక్కు ఎందుకు వస్తుందో, ఎప్పుడు మానుతుందో వరసగా చెప్పారు. ఎనిమిదో రోజు మాటకు వచ్చేసరికి ఒకాయనకు గేదె గుర్తొచ్చింది, ఇంకొకాయనకు పొయ్యి మీద కూర గుర్తొచ్చింది. జనం కదలడం చూసి నేను లేచాను. ఉయ్యాల గుడ్డ విప్పి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను. ఆ తల్లి ఒక్కసారి కెవ్వుమంది. లేచినవాళ్ళంతా కూర్చున్నారు.

ఆ తరువాత నేనేం చెప్పానో ఈనాటికీ ప్రతి మాటా గుర్తుంది, అదే నా ఖర్మ. అమ్మవారు మన మీద కోపంతో రావడం లేదు, బిడ్డల్ని చూడాలని వస్తుంది, పెద్దగా వస్తే ఆవిడ బరువు బిడ్డలు మోయలేరు, అందుకని సూది మొనమీద ఎక్కి చిన్నగా వస్తానని నాకు కలలో చెప్పింది అన్నాను. కలా లేదు, నా తలకాయా లేదు! అప్పటికప్పుడు నోటికొచ్చింది. అంటూ నేనే ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, అదీ విచిత్రం. పొద్దు వాలేదాకా తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని వరస కట్టారు. మునసబుగారు నా మెడలో బంతిపూల దండ వేశారు.

"ఎనిమిదో రోజు సంగతి చెప్పలేదేం తమ్ముడూ? చిన్నగా వచ్చిన అమ్మవారిని సూదితో పొడిచి రసి తీస్తామంటే వీళ్ళు ఊరుకుంటారా?" అన్నారు అన్నగారు, సూదులు కడుగుతూ.

"ఇంత పెద్ద పని అయింది, అది ఎంతండీ? మీరు ఇక్కడే ఉంటారుగా, చెప్పండి."

మర్నాడే నేను అమలాపురం వెళ్ళాను. దొరగారికి వర్తమానం చెప్పాలన్నది పైకి. లోపల ఉన్నది ఆ చప్పట్లు మళ్ళీ వినాలని. వారం రోజులు అక్కడే కూర్చుని కచేరీలో అందరికీ ఆ ప్రసంగం మళ్ళీ మళ్ళీ చేసి వినిపించాను. అన్నగారు ఆ వారమంతా ఇంటింటికీ తిరిగి ఎనిమిదో రోజు సంగతి చెబుతున్నారట. "దండేయించుకున్న బాబు ఆ మాట చెప్పలేదు కదండీ" అని ఊళ్ళోవాళ్ళు తలుపులు వేసుకున్నారట.

ఎనిమిదో రోజు పొద్దున్నే నేను ఆ ఊరి రేవులో దిగేసరికి డప్పులు వినపడుతున్నాయి. వీధులకు వేపమండల తోరణాలు. అమ్మవారి ఘటాలు, ఆ గరగలు, నెత్తిన పెట్టుకుని ఆడుతున్నారు. చలివిడి, పానకం పంచుతున్నారు. బిడ్డల్ని అరుగుల మీద వరసగా కూర్చోబెట్టి, టీకా వేసిన చేతికి పసుపూ వేపాకూ నూరి ముద్దగా పట్టించి దణ్ణం పెడుతున్నారు. చిన్నగా వచ్చిన అమ్మవారిని చల్లగా సాగనంపుతున్నారు! నన్ను చూసి డప్పులు మరీ హెచ్చించారు.

అన్నగారు చావడి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. తలపాగా లేదు. నా ముఖం చూడకుండానే, "మా పల్లెనించి మనిషొచ్చేడు. మా పక్కింట్లో అమ్మవారు పోసింది. త్వరగా తెమ్మని అమ్మ కబురెట్టింది" అన్నారు.

పరిగెత్తుకెళ్ళి మునసబుగారి ముందు నిలబడ్డాను. ఒక్క బిడ్డనివ్వండి, ఒక్క పొక్కు చాలు అన్నాను.

"ఆయ్, మీరే అలాగంటే ఎలాగండి? తల్లి కూర్చున్న చోట పొడవమంటారా? చెయ్యెలా వస్తాదండి?" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

అప్పుడు గరగల మధ్యకు వెళ్ళి చేతులు జోడించి అరిచాను. "నేను చెప్పింది అబద్ధం! కల రాలేదు! నా నోటికొచ్చిన కట్టుకథ!" అని ఏడ్చాను. జన్మలో అంత నిజంగా ఎప్పుడూ ఏడవలేదు. డప్పులు ఒక్క క్షణం ఆగాయి. ఒక ముసలమ్మ ముందుకొచ్చి నా కళ్ళల్లోకి చూసి, "బాబు మీదికి తల్లొచ్చిందర్రా!" అంది. అంతే, నా కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు పోశారు, పసుపు పూశారు, కొబ్బరికాయలు కొట్టారు. నేను ఏడుస్తున్న కొద్దీ వాళ్ళ భక్తి పెరిగింది. నా ఏడుపుతో వాళ్ళు ఏమైనా చేస్తారు గాని, నేను చెప్పింది మాత్రం వినరు అని ఆ పసుపునీళ్ళల్లో నిలబడి తెలుసుకున్నాను.

అన్నగారు లేచి, ఎప్పటిలాగే, ఆ హద్దులు చదివే గొంతుతో మొదలుపెట్టారు. తన కూతురి మాట ఎత్తలేదు. ఎత్తండి, ఆ ఒక్క మాట చెప్పండి అని నేను చెవిలో గొణిగాను. "నా కూతురికోసమైతే ఇస్తారు. రేపు ఇంకో ఊరివాళ్ళ కూతుళ్ళకోసం ఎవరిస్తారు? కారణం అర్థమై ఇవ్వాలి" అన్నారు. కోపం ముంచుకొచ్చింది నాకు. ఇంత మొండితనమా, ఇప్పుడా అని చేతులు నలుపుకున్నాను. ఆ రోజు పోయింది. తొమ్మిదో రోజూ పోయింది. ఆయన అరుగు అరుగుకూ వెళ్ళి చెబుతూనే ఉన్నారు.

పదో రోజు తెల్లవారాక ఉయ్యాల గుడ్డ ఇచ్చిన ఆ తల్లి తన రెండేళ్ళ పిల్లను చంకనేసుకుని వచ్చింది. నా వంక చూడలేదు. అన్నగారితో అంది: "పసుపు రాయలేదండి. మీరు రోజూ వచ్చి చెప్పేరు కదండి, ఒకళ్ళ చేతినించి ఇంకొకళ్ళకి పోవాలని. నాకు మొన్ననే తెలిసిందండి. మా ఆయన్ని ఒప్పించేసరికి ఇంతసేపయ్యింది. మా పడవ మీదే తీసుకెళతాను, రండి."

పొక్కు చూశాను. అంచులు ముడతలు పడి, రసి చిక్కబడి పసుపుపచ్చగా తిరిగింది. అన్నగారూ చూశారు. అయినా ఆమె పడవ ఎక్కి కూర్చున్నాం.

మేం పల్లె చేరేసరికి అన్నగారి కూతురు గడపలో కూర్చుని చింతగింజలతో ఆడుకుంటోంది. చెయ్యి చాపమంటే చాపింది. "నొప్పెడతాదా బాబాయ్?" అని నన్నడిగింది.

"లేదమ్మా, అసలు నొప్పే ఉండదు" అన్నాను, నా అలవాటు కొద్దీ.

"పెడుతుందమ్మా, చీమ కుట్టినంత. నాలుగు లెక్కపెట్టు, అయిపోతుంది" అన్నారు అన్నగారు.

ఆ పిల్ల తండ్రి వంక చూసి, తలూపి, నాలుగు లెక్కపెట్టింది. కళ్ళు మూసుకోలేదు కూడా.

టీకా అంటుకోలేదు. ఐదో రోజుకు ఆ చోట చిన్న మచ్చ తప్ప ఏమీ లేదు. ఆరో రోజుకు ఒళ్ళు కాలిపోయింది. ఆ తరువాతది నేను చెప్పను. మీకు తెలుసు.

ఇరవై రోజులకు ఆయన ఉద్యోగంలోకి వచ్చారు. కోటిపల్లి రేవులో పడవకోసం కూర్చున్నాం. నేను ఆ ఇరవై రోజులూ దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటపెట్టి ఆయన కాళ్ళు పట్టుకున్నాను. నేను చంపాను అన్నగారూ, నా నోరు చంపింది, నన్ను కొట్టండి అన్నాను. ఆయన నా చేతులు విడిపించి పక్కన కూర్చోబెట్టుకున్నారు. చుట్టూ నలుగురు చూస్తున్నారని కాదు. ఆయన పద్ధతే అంత.

"ఏడవకు. ఏడిస్తే ఆలోచన సాగదు. నీ తప్పు కాదని చెప్పడానికి మూడు కారణాలున్నాయి, విను" అన్నారు. ఎడమచేతి చిటికెనవేలు పట్టుకున్నారు. "ఒకటి. మనకు కబురొచ్చేసరికే పక్కింట్లో పోసి నాలుగు రోజులైంది. మన పిల్ల రోజూ అక్కడే ఆడుకునేది. ఎనిమిదో రోజునే రసి తెచ్చినా, అప్పటికే లోపలికి వెళ్ళి ఉండొచ్చు." ఉంగరపువేలు పట్టుకున్నారు. "రెండు. మూడేళ్ళు ఆగింది నేను. అమ్మ ఒప్పుకోవాలని నేనే ఆగేను. అది నీ లెక్కలోకి రాదు."

నడిమివేలు పట్టుకుని, "మూడు" అన్నారు.

పడవ వచ్చింది. జనం ఎక్కారు. సరంగు, "రండి బాబూ, రండి" అని రెండుసార్లు పిలిచాడు. ఆయన ఆ వేలు అలాగే పట్టుకుని ఏటి వంక చూస్తూ ఉండిపోయారు. పడవ మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ వేసవి దాటగానే గంజాం వైపు బదిలీ అడిగి వెళ్ళిపోయారు. అక్కడినుంచి రెండు ఉత్తరాలు రాశారు, రెండింటిలోనూ టీకాల సంగతులే. మూడో ఏట అక్కడి మన్యం జ్వరంతో పోయారని దొరగారి కచేరీకి కబురు వచ్చింది.

నేను ఆ తరువాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క ఊళ్ళో కూడా ఎవరినీ ఏడిపించలేదు. నేను మాట్లాడుతుంటే జనం లేచిపోయేవారు, కూర్చున్నవాళ్ళకు చెప్పి వచ్చేవాణ్ణి. ఆ మూడోది ఏమై ఉంటుందో నాకు నేనే ఎన్నో కల్పించుకున్నాను, కల్పించడం నాకు వచ్చిన విద్యే కదా. కానీ ఒక్కొక్కదాన్నీ ఆయన గొంతుతో, ఆ హద్దులు చదివే గొంతుతో పైకి అనుకుని చూస్తాను. ఒక్కటీ నిలబడదు.